హాస్టల్ పిల్లకు గొంతు నొప్పి: ఎలా గుర్తించాలి, ఏం చేయాలి

హన్మకొండలో ఆడపిల్లల గురుకులంలో నర్సుగా పనిచేస్తున్నాను. చలి మొదలైందంటే పొద్దున్నే 'మేడం, గొంతు నొస్తుంది, మింగుడు పడతలేదు' అంటూ పిల్లలు వస్తారు. ఎక్కువమందికి అది వైరస్ వల్ల వచ్చే నొప్పే, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకిన పిల్లను గుర్తించడమే అసలు పని.

ముందు దగ్గు, జలుబు ఉన్నాయా అని అడగండి. ఉంటే చాలావరకు వైరసే. అవి లేకుండా ఉన్నట్టుండి జ్వరం వచ్చి, ఉమ్మి మింగినా నొప్పి అంటే అనుమానించాలి. పిల్లను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, స్పూన్ కాడతో నాలుక ముందు సగాన్ని మాత్రమే అదమండి. వెనక్కి పోతే వాంతికి వస్తుంది. టార్చ్ వెలుగులో టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటి మీద తెల్లటి చీము చుక్కలు ఉన్నాయేమో చూడండి. తర్వాత దవడ కింద వేళ్లతో మెల్లగా తడమండి. బిళ్లలు తగిలి, ముట్టుకుంటే పిల్ల 'అమ్మా' అంటే అదీ ఒక గుర్తే. జ్వరం 100.4 దాటిందా చూసి రాసుకోండి.

ఇవన్నీ ఉన్నా స్ట్రెప్ అని ఖాయం కాదు. డాక్టర్‌కు చూపించి గొంతు స్వాబ్ (దూది పుల్లతో గొంతులో తుడిచి తీసే నమూనా) పరీక్ష గురించి అడగండి. ఆ నమూనాలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ రిపోర్టుకు ఒకటి రెండు రోజులు పట్టినా టెన్షన్ వద్దు. జబ్బు మొదలైన 9 రోజుల లోపు మందు మొదలుపెడితే, స్ట్రెప్ తర్వాత వచ్చి కీళ్లను, గుండెను పట్టే రుమాటిక్ జ్వరాన్ని ఆపొచ్చు.

మందు సాధారణంగా అమాక్సిసిలిన్, బరువును బట్టి, 10 రోజులు. అది పెన్సిలిన్ జాతి మందే, అందుకే మొదటి డోసుకు ముందే ఇంటికి ఫోన్ చేసి పెన్సిలిన్ పడదా అని తల్లిని అడగాలి. మెడికల్ షాపులో మూడు రోజుల అజిత్రోమైసిన్ తెచ్చి వేయడం నాకు అస్సలు నచ్చదు. పెన్సిలిన్ పడని పిల్లలకు డాక్టర్ రాస్తే వాడే మందు అది, అదీ 5 రోజులు.

మూడో రోజుకు జ్వరం తగ్గి పిల్ల ఆడుకుంటుంది, మాత్ర వద్దంటుంది. అక్కడే గట్టిగా ఉండాలి. కోర్సు మధ్యలో వదిలేస్తే తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. అందుకే స్ట్రిప్పులు నా బీరువాలోనే ఉంటాయి, టిఫిన్ తర్వాత, రాత్రి అన్నం తర్వాత నా ఎదుటే మింగాలి. దసరా సెలవులు అడ్డొస్తే ఒక్కో మాత్ర వెనక తేదీ పెన్నుతో రాసి తల్లి చేతికిస్తాను.

నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. గోరువెచ్చని ఉప్పు నీళ్లు పుక్కిలించాలి, తినడానికి రాగి జావ. మొదటి డోసు తర్వాత ఒక రోజంతా క్లాసుకు పంపొద్దు, గ్లాసు, టవల్ వేరుగా పెట్టండి.

చొంగ కారుతున్నా, నోరు తెరవలేకపోయినా, ఊపిరి కష్టమైనా, గొంతులో బూడిదరంగు పొర కనిపించినా అర్ధరాత్రైనా సరే వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి. జబ్బు తగ్గాక రెండు మూడు వారాలకు కీళ్లు వాచినా, ఆయాసం వచ్చినా, మూత్రం ముదురు రంగులో పోయినా గొంతు నొప్పి సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.