ముసుర్లో ట్రక్కు తోలాలంటే

నాది భీమవరం దగ్గర మోటార్ రివైండింగ్ షాపు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిప్పే మోటార్లు కాలిపోయి వస్తే, విప్పి తీగ చుట్టి వార్నిష్ వేసి పంపిస్తుంటాను. నీళ్ళకీ కరెంటుకీ మధ్య రోజూ జరిగే గొడవే నా జీవనం. మూడేళ్ళ కిందట మినియాపొలిస్ నుంచి సెలవులకొచ్చిన మా మేనల్లుడు, అసలు బండిలో పదో వంతు ఉండే రిమోట్ ట్రక్కు తెచ్చి మా అబ్బాయి చేతిలో పెట్టాడు. వాడు వారం ఆడి వదిలేశాడు. అప్పట్నుంచి అది నాది.

"వాటర్‌ప్రూఫ్ మావయ్యా, నేను మంచులో కూడా తోలతాను" అన్నాడు మేనల్లుడు. ఆ మాట నమ్మి మొదటి ముసుర్లోనే చెరువు గట్టు మీద దించాను. సాయంత్రం తెచ్చి అలాగే మూలన పెట్టాను. రెండు వారాల తర్వాత చూస్తే ముందు చక్రాలు తిరగవు. విప్పితే బేరింగులన్నీ తుప్పు ముద్దలు. ఇన్ని మోటార్లు బాగుచేసేవాణ్ణి, నాకు సిగ్గేసింది.

అట్టపెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని రాస్తే, నీళ్ళు పడినా ఎలక్ట్రానిక్స్ తట్టుకుంటాయని అర్థం. అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలరు, ముందు చక్రాలు తిప్పే సర్వో, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవరు ఉండే పెట్టె. బేరింగులకీ, మరలకీ, షాఫ్టులకీ ఆ హామీ లేదు.

దించేముందు రిసీవరు పెట్టె మూత ఒకసారి తీసి చూడండి. చుట్టూ ఉన్న రబ్బరు రింగు మీద ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా నీళ్ళు దూరతాయి. తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగించండి. మీ కంట్రోలరు వాటర్‌ప్రూఫ్ కాకపోతే బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్, అంటే తడి తగలకుండా సర్క్యూట్ బోర్డుకి వేసే పల్చటి పూత, రెండు సార్లు వేయొచ్చు. కనెక్టర్ పిన్నుల మీద, బటన్ మీద మాత్రం పడకూడదు. మా షాపుల్లో వాడే వార్నిష్ వేద్దామని ఎవరికైనా బుద్ధి పుడితే మానుకోండి. అది ఓవెన్లో పెట్టి ఆరబెట్టేది, ఆ వేడికి బోర్డు బతకదు. బ్రష్షుల మోటారు తడిలోనూ తిరుగుతుంది గానీ కార్బన్ తొందరగా అరుగుతుంది. కార్బన్ బ్రష్షులే లేని బ్రష్‌లెస్ మోటారైతే ఆ బెంగ లేదు, కానీ సెన్సార్ తీగ ఉన్న రకాన్ని నీళ్ళలోకి దించకండి, లోపల చిన్న బోర్డు ఉంటుంది. రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు తొడగండి, అది వాటర్‌ప్రూఫ్ కాదు.

మన దగ్గర వానకంటే మట్టితోనే చిక్కు. సార్వాకి దమ్ము చేసిన చేల పక్కన ఆ నల్ల మట్టి చక్రానికి పట్టిందంటే వదలదు. తిరిగేకొద్దీ చక్రం బరువెక్కుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. అందుకే వానాకాలమంతా రెండు పళ్ళు తక్కువున్న పినియన్, అంటే మోటారు షాఫ్టు మీది చిన్న పళ్ళచక్రం, వేసుకుంటాను. వేగం తగ్గుతుంది, మోటారు మిగులుతుంది. ఐదు నిమిషాలకోసారి ఆపి షాపులోని ఉష్ణోగ్రత గన్‌తో చూస్తాను, 80 డిగ్రీలు దాటనివ్వను. వానలో తడుస్తోంది కదా, చల్లగానే ఉంటుందిలే అనుకోవద్దు.

మేనల్లుడి మంచులోనూ ఇదే తంతు. లోతు మంచులో తోస్తుంటే బయట సున్నా కింద ఉన్నా మోటారు కాలిపోతుంటుందట. దాని మీద పడ్డ మంచు కరిగి, కారి, కింద మళ్ళీ గడ్డ కట్టి స్టీరింగు పట్టేస్తుంది. చలికి ప్లాస్టిక్ పెళుసై చిన్న దెబ్బకే సస్పెన్షన్ ఆర్మ్ విరుగుతుంది. ఈ బండికి వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ చలికి నీరసిస్తుంది, కాబట్టి వాడు కోటు లోపలి జేబులో వెచ్చగా పెట్టుకుని వెళ్తాడు. ఇంటికి తెచ్చాక గది వేడికి వచ్చేదాకా ఛార్జింగ్ పెట్టడు. మనకి ఆ బాధలు లేవు, జలగలున్నాయి.

టైర్ల సంగతికొస్తే, మన ట్రాక్టర్లకి దమ్ము చక్రాలున్నట్టే వీటికీ తెడ్ల టైర్లు దొరుకుతాయి. పొడి మంచులో, ఇసుకలో బాగా లాగుతాయి. మన జిగట మట్టికి దూరం దూరంగా పొడవాటి గుబ్బలున్నవే నయం. టైరులోపలి ఫోము నీళ్ళు పీల్చేస్తుంది. టైరు నడిమధ్య ఎదురెదురుగా రెండు చిన్న బెజ్జాలు పెట్టి, రిమ్ము బెజ్జాలు మూసేస్తే తిరిగేటప్పుడు నీళ్ళు బయటికి చిమ్ముతాయి.

పంట బోదెలో చక్రం మునిగేంత నీళ్ళయితే సరదాగా ఉంటుంది. పూర్తిగా ముంచకండి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్ళలో పోదు, యాంటెన్నా మునిగితే బండి మీ మాట వినదు. అందుకని ఫెయిల్‌సేఫ్‌లో, అంటే సిగ్నల్ తెగితే బండి ఏం చేయాలో ముందే చెప్పే సెట్టింగులో, థ్రాటిల్ (వేగం) సున్నాకి పెట్టుకోండి. రొయ్యల చెరువు జోలికి అసలు పోవద్దు, అందులో ఉప్పుంటుంది. అంతర్వేది తీరంలో తోలితే మంచినీళ్ళ బకెట్టు వెంట ఉండాల్సిందే.

ఇంటికొచ్చాక చేసేదే అసలు పని. ముందు బ్యాటరీ తీసేయండి. మట్టి ఆరకముందే మగ్గుతో నీళ్ళు పోస్తూ పాత టూత్‌బ్రష్షుతో కడగండి. కారు కడిగే ప్రెషర్ పంపు పెడితే బేరింగుల్లోకి మట్టిని మనమే తోసినట్టు. తర్వాత బ్లోవర్‌తో ఊది, డబ్ల్యూడీ-40 కొట్టి తుడవండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అది నీళ్ళని తోస్తుందంతే, గ్రీజు పని చేయదు. నెలకోసారి బేరింగు రబ్బరు మూతని సూదితో లేపి, కిరోసిన్లో కడిగి, బాగా ఆరాక బోట్లకి వాడే మెరైన్ గ్రీజు నింపుతాను. కొత్తవి కొంటే జెడ్‌జెడ్ అని ఉన్నవి వద్దు, వాటికి రేకు మూతలుంటాయి. రెండు వైపులా రబ్బరు మూతలుండే 2ఆర్‌ఎస్ అడగండి. ఏరేటర్ మోటార్లకి కూడా నేను అవే వేస్తాను. తడి పీల్చేస్తుందని ట్రక్కుని బియ్యం డబ్బాలో పెట్టమనే సలహాలు కూడా విన్నాను. మా ఆవిడ చూస్తే ఇద్దర్నీ బయట పెడుతుంది.

ముసురు పట్టి వారం రోజులు బయటికెళ్ళే వీల్లేదనిపిస్తే బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి ఉంచకండి. బ్యాటరీ లోపలి ఒక్కో సెల్లుని 3.8 వోల్టులకి తెచ్చి పెట్టండి. నిండా ఛార్జ్ చేసి, అంటే సెల్లుకి 4.2 వోల్టుల దగ్గర, నెల్లాళ్ళు వదిలేసినది ఒకటి పూరీలా ఉబ్బింది, ఇప్పుడు షాపు వెనక ఇసుక బకెట్లో ఉంది.