రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్‌లో రోమింగ్ ప్రొఫైళ్లు – 3: సి డ్రైవ్ నిండిపోతే

రోమింగ్ ప్రొఫైల్ అంటే యూజర్ ఫైళ్లు, సెట్టింగులు నెట్‌వర్క్‌లోని ఒక షేర్డ్ ఫోల్డర్‌లో (షేర్) ఉండి, ఏ సర్వర్‌లో లాగిన్ అయినా వెంట రావడం. ఆ షేర్‌కి పర్మిషన్లు ఇవ్వడం పోయిన పాఠంలో అయిపోయింది. షేర్‌లో బోలెడు ఖాళీ ఉంది. అయినా ఒకరోజు పొద్దున్నే చూస్తే సెషన్ హోస్ట్‌లో (యూజర్లు రిమోట్‌గా లాగిన్ అయ్యే సర్వర్‌లో) సి డ్రైవ్ ఎర్రగీత మీద ఉంటుంది.

ఎందుకంటే, యూజర్ లాగిన్ కాగానే విండోస్ ఆ ప్రొఫైల్‌ని షేర్ నుంచి సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లోకి తెచ్చుకుంటుంది. లాగాఫ్ అప్పుడు మారినవాటిని షేర్‌కి పంపుతుంది, తన దగ్గరి కాపీని మాత్రం తీసెయ్యదు. మళ్లీ వచ్చినప్పుడు లాగిన్ త్వరగా అవ్వాలని దాచుకుంటుంది. ఒక్కరే వాడే పీసీలో ఇది మంచిదే. 40 మంది వచ్చిపోయే సర్వర్‌లో మనిషికి 3 జీబీ చొప్పున 120 జీబీ అవుతుంది. నాలుగు సర్వర్లుంటే, కొన్నాళ్లకి నాలుగింటిలోనూ అందరి కాపీలూ పేరుకుంటాయి.

ఇక్కడ చెయ్యకూడని పని ఒకటుంది. ఎక్స్‌ప్లోరర్ తెరిచి యూజర్ ఫోల్డర్‌ని డిలీట్ చెయ్యడం. కొత్తలో నేనూ అదే చేశాను. మర్నాడు ఆ యూజర్ ఫోన్ చేసి, డెస్క్‌టాప్ మీద తన ఫైల్ ఒక్కటీ లేదని అన్నారు, గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 1511 నంబర్ ఈవెంట్ కనిపించింది: లోకల్ ప్రొఫైల్ దొరకలేదు, టెంపరరీ ప్రొఫైల్‌తో లాగిన్ చేస్తున్నాను అని. ఫోల్డర్ పోయినా, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ కింద ఆ యూజర్ ఎంట్రీ అలాగే ఉండిపోవడమే కారణం. ఫోల్డర్, ఎంట్రీ రెండూ కలిసి పోవాలి. అందుకే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి, యూజర్ ప్రొఫైల్స్ సెట్టింగ్స్ నుంచే తీయండి. అక్కడ టైప్ అనే వరుస తప్పకుండా చదవండి. లోకల్ అని ఉంటే ఆ డేటాకి షేర్‌లో కాపీ లేదన్నమాట, చెయ్యి పెట్టకండి.

రోమింగ్ అని ఉన్నా ఒక్క క్షణం ఆగండి. యాప్‌డేటాలోని (ప్రోగ్రాములు తమ డేటా పెట్టుకునే చోటు) లోకల్ ఫోల్డర్ మామూలుగా షేర్‌కి వెళ్లదు. క్రోమ్ బుక్‌మార్కులు ఉండేది అందులోనే. సింక్ పెట్టుకోని యూజర్‌కి అవి పోయినట్టే. ముందే అడిగి తెలుసుకోవడం మన బాధ్యత.

రోజూ చేత్తో తీస్తూ కూర్చోలేం కాబట్టి గ్రూప్ పాలసీ (సర్వర్లన్నిటికీ ఒకేచోట నుంచి పెట్టే రూల్) పెడదాం. కంప్యూటర్ కాన్ఫిగరేషన్‌లో, రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద ప్రొఫైల్స్‌లో, రోమింగ్ ప్రొఫైల్ క్యాష్ (సి డ్రైవ్‌లో దాచుకున్న ఆ కాపీలు) మొత్తం సైజుకి హద్దు పెట్టే పాలసీ ఉంది. ఎన్ని నిమిషాలకోసారి చూడాలో, ఎన్ని జీబీలు దాటకూడదో ఇస్తాం. దాటితే, అందరికంటే ముందు వాడి వదిలేసిన ప్రొఫైల్ నుంచి మొదలుపెట్టి, సైజు హద్దులోకి వచ్చేదాకా తీసేస్తుంది. మార్పులు షేర్‌కి వెళ్లకుండా ఆపే పాలసీ కూడా ఆన్‌లో ఉంటే మాత్రం దీన్ని అసలు పట్టించుకోదు. పాలసీ పని చెయ్యట్లేదని తల పట్టుకునే ముందు అది చూడండి.

లాగాఫ్ కాగానే క్యాష్ తుడిచేసే పాలసీ ఇంకొకటి ఉంది. డిస్క్ శుభ్రంగా ఉంటుంది కానీ ప్రతి లాగిన్‌కీ ప్రొఫైల్ మొత్తం మళ్లీ కాపీ కావాలి. పొద్దున అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేచోట నేనైతే దాని జోలికి పోను.

వచ్చే భాగానికి ముందు ఒక పని చెయ్యండి. మీ సర్వర్‌లో అన్నిటికంటే పెద్ద మూడు ప్రొఫైళ్లు తెరిచి, ఏ ఫోల్డర్ ఎంత తింటోందో రాసి పెట్టుకోండి. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ముందుంటే వాటిని ఫోల్డర్ రీడైరెక్షన్‌తో (ఆ ఫోల్డర్లని నేరుగా షేర్‌లోనే ఉంచే పద్ధతి) బయటికి పంపడం నాలుగో పాఠంలో చేద్దాం.