టూ వీల్ డ్రైవ్ పికప్‌ను ఫోర్ వీల్ డ్రైవ్ చేసే ముందు

• మన దేశంలో బండిలో మార్పులపై ఆంక్షలు పెట్టే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ఆర్టీవో, బీమా సంగతి తేలాకే స్పానర్ పట్టండి.

• విడిభాగాలు ఏరుకోవద్దు. అదే మోడల్ ఫోర్ వీల్ స్క్రాప్ బండి మొత్తంగా కొనండి. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్, క్రాస్ మెంబర్, ముందు, వెనక ఇరుసులకు శక్తిని చేర్చే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ టూ వీల్ బండి వాటికంటే వేరుగా ఉంటాయి.

• అసలు గండం ఇరుసుల గేర్ రేషియోది. ముందు, వెనక డిఫరెన్షియల్‌లోని క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (చిన్న గేరు) పళ్లు రెండుచోట్లా లెక్కపెట్టి, క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగించండి: 41ని 10తో భాగిస్తే 4.1, 37ని 10తో భాగిస్తే 3.7. ఇరుసుకున్న బిళ్ల మీది అంకెను నమ్మకండి, మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చు. తేడా ఉంటే ఫోర్ వీల్ వేయగానే షాఫ్టులు మెలిపడి ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) పగలొచ్చు. నాలుగు టైర్లూ ఒకే సైజు.

• ముందు ఇరుసు డిఫరెన్షియల్ ఇంజిన్ సంప్‌కు (అడుగున ఉండే ఆయిల్ తొట్టికి) తగులుతుందేమో, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పటి ఖాళీ కొలవండి.

• బ్యాటరీ నెగటివ్ తీసేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. ఛాసిస్ కింద స్టాండులు తప్పవు.