ప్లీడరు నాటకం ఈనాడు ఆడాలంటే

ప్లీడర్ల (వకీళ్ల) తీరును ఎత్తిపొడుస్తూ కందుకూరి వీరేశలింగం (1848–1919) రాసిన 'వ్యవహార ధర్మబోధిని'ని జనం 'ప్లీడరు నాటకం' అనేవారు. 1880లో రాజమండ్రిలో ఆడించారు. దాన్ని ఇప్పుడు కాలేజీ వేదిక మీదో, తెలుగు సంఘం వార్షికోత్సవంలోనో వేయాలనుకునేవాళ్లకు మొదటి చిక్కు పాత ప్రతి దగ్గరే ఎదురవుతుంది.

అనుమతి గొడవ లేదు. రచయిత 1919లో పోయారు కాబట్టి మన దేశంలో హక్కుల గడువు ఏనాడో తీరింది. కొత్త ముద్రణల్లోని పీఠికలు, వివరణలు మాత్రం సంపాదకులవి. వాటిని మీ కరపత్రంలోకి దింపుకోకండి.

పాత అచ్చు నటుల చేతికి నేరుగా ఇస్తే మొదటి రిహార్సల్ తడబాట్లతోనే గడిచిపోతుంది. ముందుగా ఒకరు కూర్చుని శుభ్రప్రతి రాయాలి. అరసున్నలు తీసేయండి: 'చెప్పినాఁడు' అని ఉంటే 'చెప్పినాడు' అనే పలకాలి, ముక్కుతో లాగకూడదు. బండి 'ఱ' ఉన్నచోట మామూలు 'ర' రాస్తే చాలు. సంధి కలిసి బారుగా సాగిన వాక్యాన్ని ఊపిరి తీసుకునే చోట గీతపెట్టి విడగొట్టండి. మాటలు మాత్రం మార్చొద్దు. వచన గ్రంథాల్లో గ్రాంథికం పట్టుకున్న వీరేశలింగమే ఇలాంటి ప్రహసనాల్లో, అంటే వ్యంగ్య నాటికల్లో, పాత్రకు తగ్గ వాడుక మాట రాశారు. ఆ యాసలన్నీ చెరిపి ఒకే టీవీ తెలుగులోకి దించితే సగం హాస్యం పోతుంది. దావా, ముద్దాయి, మునసబు, వకాల్తా లాంటి మాటలకు అర్థాలు చెప్పే పని కూడా పెట్టుకోకండి. కోర్టు భాష అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు!

తర్వాత నిడివి. గడియారం పెట్టి గట్టిగా చదివించండి. చదవడానికి 30 నిమిషాలు పడితే వేదిక మీద దాదాపు 40 అవుతుంది, నవ్వులకూ రాకపోకలకూ ఆగాలి కదా. కత్తెర వేయాల్సి వస్తే నీతి బోధలా సాగే పొడుగు మాటల మీద వేయండి. డబ్బు చేతులు మారే చోట ఒక్క మాట కూడా తీయొద్దు, ఈ నాటకానికి ఆయువుపట్టు అదే.

ఆ చోటే నటులు ఎక్కువగా తప్పులు చేస్తారు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. 2 అణాలు బేడ, 4 అణాలు పావలా. లెక్క నోటికి రాకపోతే బేరం నత్తనడక నడుస్తుంది. నయాపైసలు 1957లో వచ్చాయి కాబట్టి వాటి పేరెత్తకూడదు. నోట్ల కట్ట వద్దు; బరువైన నాణేలు గుడ్డసంచిలో వేసి బల్లమీద పెట్టించండి. ఆ చప్పుడు చివరి వరుసకు కూడా వినపడాలి. ప్లీడరు మాట మధ్యలో ఆగి, సంచి కేసి చూడకుండానే దాన్ని తనవైపు లాక్కుంటే చాలు, ఇంకే అభినయమూ అక్కర్లేదు.

వేషాలకు పెద్ద ఖర్చు పెట్టొద్దు. ప్లీడరుకు పంచె, పొడుగు కోటు, తలపాగా, ఉత్తరీయం. కక్షిదారుకు మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాలు. తెర లేచేముందు చేతి గడియారాలు, కళ్లజోళ్ల ప్లాస్టిక్ ఫ్రేములు తీయించారో లేదో చూసుకోండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఓ కాగితాల దొంతర ఉంటే రంగం సిద్ధమైనట్టే.

అన్నిటికంటే పెద్ద పొరపాటు వెకిలి చేయడం. ప్రతి మాటకూ డోలు చప్పుడు, వంకర మూతి, జారిపోయే పంచె పెడితే చిన్నపిల్లలు నవ్వుతారు, వ్యంగ్యం చచ్చిపోతుంది. వీరేశలింగం పత్రికా రచయిత. 1874లో 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టి కోర్టుల్లోనూ సర్కారు కచేరీల్లోనూ లంచాలను బయటపెట్టారు. ఆనాటి పండితుడు కొక్కొండ వెంకటరత్నం పంతులు 'హాస్యవర్ధని' పత్రికతో ఎకసెక్కాలాడితే, ఈయన తన 'హాస్య సంజీవని'తో తిప్పికొట్టారు. ఆ కలం నుంచి వచ్చిన ప్లీడరు తనను తాను గొప్ప ధర్మాత్ముణ్ణనే నమ్ముతాడు. అబద్ధపు సాక్ష్యం గురించి మాట్లాడేటప్పుడు అతని గొంతు పంచాంగం చదివినంత మామూలుగా ఉండాలి. రిహార్సల్‌లో నటుడికి నవ్వొస్తే ఆ మాట మళ్లీ చెప్పించండి, నవ్వు ఆగేదాకా.