శివరాత్రి దాటాక టమోటా నారు నాటేవాళ్లకు

మొగిలి ఘాట్ ఎక్కితే చల్లగా ఉంటుందని మా పలమనేరుకు పేరు. ఆ ధీమాతోనే ఈ కాలంలో నారు తెచ్చిన రోజే కయ్యలో పెట్టేస్తారు చాలామంది. రాత్రిళ్లు చల్లగా ఉండేది నిజమే గానీ, పగలు పదకొండు దాటితే పొడిగాలి లేస్తుంది. లేత మొక్కకు ఎండకన్నా ఆ గాలే పెద్ద శత్రువని నేనంటాను. ఆకు నుంచి ఆవిరయ్యేంత నీళ్లు లాగే వేరు దానికింకా ఉండదు.

అందుకే నాటడానికి మూడు నాలుగు వారాల ముందే గెనిమల (గట్ల) వెంబడి రెండు మూడు సాళ్లు జొన్నగానీ మొక్కజొన్నగానీ వత్తుగా వేయండి. గాలి నెమ్మదిస్తుంది, తెల్లదోమ కూడా కొంత ఆగుతుంది.

నారు 25 నుంచి 30 రోజులది, పొట్టిగా, కాండం గట్టిగా ఉన్నది తీసుకోండి. సన్నగా సాగిన నారు ఊరికే ఇచ్చినా వద్దు. ట్రేలను నాలుగైదు రోజులు ఇంటి దగ్గరే పెట్టి, నీళ్లు కొంచెం తగ్గించి, పొద్దుటి ఎండ రోజురోజుకూ కాస్త ఎక్కువ తగలనివ్వండి. నర్సరీ నీడలో పెరిగిన ఆకు ఒక్కసారిగా ఎండ చూస్తే తెల్లగా మాడిపోతుంది.

బెడ్డు మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు వేసేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. వెండిరంగు పైకి, నలుపు కిందికి ఉండాలి. ఆ మెరుపుకు తామరపురుగు, తెల్లదోమ తక్కువగా వాలతాయి. అయితే షీటు కింద కాగిన గాలి బయటికి వచ్చే దారి మొక్క పెట్టిన రంధ్రమే. ఆ సెగకు, షీటు అంచు తగలడానికి, నేలమట్టాన కాండం సన్నబడి మొక్క ఒరిగిపోతుంది. దాన్ని కుళ్లు తెగులనుకొని మందులు పోస్తుంటారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. రంధ్రం రెండు మూడు అంగుళాలు ఉండనిచ్చి, మొక్క చుట్టూ పిడికెడు తడిమట్టి వేసి అంచులు మూసేయండి. షీటు వదులుగా ఉంటే గాలికి కొట్టుకొని కాండాన్ని కోస్తుంది, బిగించి లాగండి. మా ఆయన నాటే ముందురోజు రాత్రే డ్రిప్పు వదిలిపెడతారు. బెడ్డు బాగా చల్లబడుతుంది.

నాటడం సాయంత్రం నాలుగు దాటాకే. తర్వాత రోజూ తెల్లవారుజామున కొద్దిసేపు నీళ్లివ్వండి. మధ్యాహ్నం వాలిన మొక్క సాయంత్రానికి లేస్తే భయం లేదు. పొద్దున్నే వాలి ఉంటే వేరు దగ్గర మట్టి తీసి చూడండి, ఎండిందా, నీళ్లెక్కువై బురదయిందా అని. పెరట్లో నాలుగు మొక్కలే ఉంటే పడమటి పక్క కానుగ కొమ్మలు గుచ్చితే చాలు, వారం పదిరోజుల్లో తీసేయొచ్చు.

ఉగాదికి అటూఇటూ వడగళ్లు పడితే, నేల ఆరేదాకా కయ్యలో అడుగు పెట్టొద్దు. ఆరాక ఒరిగినవాటిని నిలబెట్టి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి చల్లపూట కొట్టండి. విరిగినవాటి చోట పెట్టడానికి నూటికి ఐదు మొక్కలు ట్రేలోనే ఉంచుకోండి. వారంలోపు పెడితేనే అవి తక్కినవాటితో సమంగా ఎదుగుతాయి.