మాస్టారి టైము ఎక్కడికి పోతోంది? స్టాఫ్ రూమ్ సమస్యలు – కారణాలు – పరిష్కారాలు

జూన్‌లో బడి తెరిచినప్పుడు ఉన్న హుషారు దసరాకి సగమైపోతోంది. సంక్రాంతి దాటేసరికి "ఎలాగోలా ఏప్రిల్ వచ్చేస్తే చాలు" అనే మాట వినిపిస్తోంది. ఇలా జరుగుతోందంటే లోపాన్ని టీచర్ల ఓపికలో వెతకడం మానేయాలి. విజయనగరం జిల్లాలో గజపతినగరం నుంచి చీపురుపల్లి దాకా ఏ స్టాఫ్ రూములో కూర్చున్నా వినబడే ఫిర్యాదులు దాదాపు ఒకటే. వాటినే ఇక్కడ లక్షణాలుగా తీసుకుని, వెనకున్న కారణం, స్కూలు స్థాయిలోనే చేసుకోగలిగిన మార్పు రాస్తున్నాను. పోస్టులు నింపాలి, పైనుంచి వచ్చే పని తగ్గాలి అన్నది నిజమే. కానీ రేపు ఉదయం తొమ్మిదింటికి అవి మన చేతిలో ఉండవు. ఇది ముఖ్యంగా హెడ్‌మాస్టర్లు (హెచ్‌ఎంలు), సీనియర్ మాస్టార్లు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులు చదవాలని నా కోరిక.

"ఫస్ట్ పీరియడ్ ఎప్పుడూ సగమే జరుగుతోంది"

ఉదయం బడిలో అడుగు పెట్టగానే టీచరు ముఖ హాజరు, అంటే ఫోనులో ముఖం చూపించి వేసే హాజరు. తర్వాత పిల్లల హాజరు. మధ్యాహ్న భోజనానికి ఎంతమందో లెక్క, గుడ్లు ఎన్ని వచ్చాయో, చిక్కీలు సరిపోతాయో లేదో. యాప్‌లన్నీ లీప్ అనే ఒక్క యాప్‌లోకి తెచ్చాక కొంత సులువైంది గానీ, శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, పాతపట్నం వైపు కొండవార బడుల్లో సిగ్నల్ లేకపోతే ఆ ఒక్క యాప్ కూడా తిరుగుతూనే ఉంటుంది. టీచరు వరండాలో ఫోను పైకెత్తి నిలబడితే, లోపల పిల్లలు గోల చేస్తూ ఉంటారు.

పనుల సంఖ్య ఒక్కటే కారణం కాదు. ప్రతి టీచరూ ప్రతి పనీ ఒకే సమయంలో చేయడం అసలు చిక్కు. క్లాసు మొదలయ్యాక అయిదు నిమిషాల పని కోసం బయటికి వెళ్తే, తిరిగొచ్చి పిల్లల్ని మళ్లీ పాఠంలో పెట్టడానికి మరో పది నిమిషాలు పోతాయి.

ఎవరి ముఖ హాజరు వాళ్లే వేసుకోవాలి, అందులో మార్పు లేదు. మిగతాదంతా కాగితం మీద ముందు రాయండి. క్లాస్ లీడరు తెచ్చిన హాజరు చీటీలు ఆఫీసు రూములో ఒకచోట చేరాలి. యాప్‌లో ఎక్కించే బాధ్యత వారానికి ఒకరిది. ఆ వారం ఆ టీచరుకి ఫస్ట్ పీరియడ్ పెట్టకుండా టైం టేబుల్ వేయాలి. భోజనం లెక్క వంట ఏజెన్సీ అక్కకి నోటితో చెబితే సరిపోదు. చీటీ మీద రాసి ఇస్తే మధ్యాహ్నం తగాదాలు కూడా తగ్గుతాయి. ఒక్క నియమం మాత్రం హెచ్‌ఎం గట్టిగా పాటించాలి: ఫస్ట్ పీరియడ్ జరుగుతుండగా ఎవరినీ ఆఫీసుకి పిలవకూడదు. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు నుంచి ఫోనొచ్చినా హెచ్‌ఎం మాట్లాడాలి గానీ క్లాసులో ఉన్న టీచర్ని లేపకూడదు.

"నోట్ బుక్స్ మోసుకుని ఇంటికి వెళ్తున్నాను"

లెక్కల మాస్టారికి నాలుగు సెక్షన్లు, సెక్షనుకి 35 మంది అనుకుందాం. 140 పుస్తకాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలే కేటాయించినా 280 నిమిషాలు, అంటే నాలుగు గంటల 40 నిమిషాలు. వారానికి రెండుసార్లు దిద్దమంటే తొమ్మిది గంటలు దాటుతుంది. ఇది స్కూల్లో అయ్యే పని కాదు కాబట్టి సంచిలో పెట్టుకుని బొబ్బిలి బస్సెక్కుతుంది, రాత్రి వంటయ్యాక మంచం మీదికి చేరుతుంది.

తనిఖీకి వచ్చేవాళ్లు ప్రతి పేజీలో ఎర్రసిరా కోసం చూస్తారన్న భయమే దీనికి మూలం. దాంతో టీచరు పిల్లాడి కోసం కాకుండా ఇనస్పెక్షన్ కోసం దిద్దుతారు. టిక్కు, సంతకం, తేదీ. పిల్లాడు ఆ టిక్కు చూసి పేజీ తిప్పేస్తాడు.

దీనికి విరుగుడు పాతదే, బాగా పనిచేసేదే. ఆరో తరగతిలో భిన్నాలు చెప్పాక పుస్తకాలు చూస్తే, 1/2 + 1/3 = 2/5 అని కనీసం పదిమంది రాసి ఉంటారు. పదిమంది పుస్తకాల్లో పదిసార్లు కొట్టేయకండి. మర్నాడు పేరు చెప్పకుండా ఆ లెక్కనే బోర్డు మీద వేసి, "దీనిలో ఏముంది?" అని అడగండి. ఒక క్లాసులో ఇలా అడిగితే వెనక బెంచీ కుర్రాడు లేచి, "సగానికి ఇంకోటి కలిపితే సగం కన్నా తగ్గిపోనాదేటి సార్?" అన్నాడు. అంతే, క్లాసంతా తమ పుస్తకాల్లోకి చూసుకున్నారు. హారం ఎందుకు సమానం చేయాలో, జవాబు 5/6 ఎందుకయిందో ఆ రోజు చెప్పాల్సిన అవసరం సగం తీరిపోయింది. ఆ పది నిమిషాలు రెండు గంటల ఎర్రసిరా కంటే ఎక్కువ పని చేశాయి.

కాబట్టి రోజుకి సెక్షనుకి ఏడు పుస్తకాలే తీసుకోండి. సోమవారం ఒకటో నంబరు నుంచి ఏడు దాకా, మంగళవారం ఎనిమిది నుంచి. 35 మంది వారంలో అయిపోతారు. ఆ ఏడింటినీ మాత్రం పూర్తిగా చదవండి, ఒక వాక్యం రాయండి. ఖాళీలు పూరించడం, జతపరచడం లాంటివి పిల్లలే మార్చుకుని దిద్దుకోగలరు. పిల్లలు రాస్తున్నప్పుడే పెన్ను పట్టుకుని బెంచీల మధ్య తిరిగితే మరికొన్ని అక్కడే అయిపోతాయి. ఈ పద్ధతి స్టాఫ్ మీటింగులో తీర్మానంగా రాసి హెచ్‌ఎం సంతకం పెట్టాలి. తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించడానికి అదే ఆధారం. టీచరు ఒక్కరే సమాధానం చెప్పుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు.

"లీజర్ పీరియడ్ పేరుకే"

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్లో టీచరుకి వారానికి 45 గంటల పని అని రాసి ఉంది. పాఠం తయారీకి పట్టే సమయం కూడా ఆ 45 గంటల్లోనిదే. అంటే పాఠం చెప్పని పీరియడ్ కూడా చట్టం దృష్టిలో పనే. మనం మాత్రం దాన్ని ఖాళీగా చూస్తాం. ఎవరైనా సెలవు పెట్టగానే "మీకు లీజరే కదా మేడమ్, కొంచెం ఎయిత్ బీ చూడండి" అంటాం. మొహమాటపడేవాళ్లే ప్రతిసారీ వెళ్తారు.

అందుకు ఒక పుస్తకం పెట్టండి. ఎవరు, ఎప్పుడు, ఎవరి బదులు వెళ్లారో రాయాలి. తక్కువసార్లు వెళ్లినవాళ్ల వంతు ముందొస్తుంది. ఒక్కరికి రోజులో ఉన్న ఆఖరి లీజరు మాత్రం తీసుకోకూడదు. అవసరమైతే రెండు సెక్షన్లు కలిపి లైబ్రరీ పుస్తకాలిచ్చి చదివించండి. ఓ పీరియడ్ చదువుకోవడం వల్ల ఏ పిల్లాడూ నష్టపోడు.

"పని తెలిసినవాడికే పనంతా"

కంప్యూటరు వచ్చిన కుర్ర మాస్టారు ఒకరుంటే యూడైస్ (బడి వివరాల నమోదు) ఆయనే, అపార్ (పిల్లల ఐడీ నంబర్లు) ఆయనే, పరీక్షల మార్కులు ఎక్కించడమూ ఆయనే. హెచ్‌ఎం ఉద్దేశం చెడ్డది కాదు, నమ్మకం కొద్దీ ఇస్తారు. కానీ రెండేళ్లలో ఆ మాస్టారు క్లాసు మీద ఇష్టం పోగొట్టుకుంటారు. మిగతావాళ్లు నేర్చుకోకుండానే ఉండిపోతారు.

పనుల పట్టిక స్టాఫ్ రూము గోడకి అంటించండి: భోజనం, యూడైస్, పరీక్షలు, ఆటలు, సైన్సు ఫెయిర్, కమిటీ మీటింగు మినిట్స్. ఒక్కో పనికి ఒక ముఖ్యుడు, పక్కన నేర్చుకునేవాళ్లు ఒకరు. టర్ము మారగానే నేర్చుకున్నవాళ్లు ముఖ్యులవుతారు. మొదటి నెల తప్పులొస్తాయి, ఓర్చుకోవాలి. వయసు పైబడిన మాస్టార్లు "మాకు రాదు బాబూ" అంటే, వాళ్లకి ఊరి పెద్దలతో మాట్లాడే పని, బడి మానేసిన పిల్లల ఇళ్లకి వెళ్లే పని ఇవ్వండి. వలస వెళ్లిన కుటుంబాల పిల్లల్ని తిరిగి బడికి రప్పించడంలో వాళ్ల మాటకున్న బరువు ఇంకెవరికీ ఉండదు.

"రాత్రి పదింటికి కూడా వాట్సాప్"

స్కూల్లో ఒకటే గ్రూపు ఉంచండి. సాయంత్రం నాలుగున్నరకి హెచ్‌ఎం ఒక్క మెసేజి పెట్టాలి: రేపు ఏం కావాలి, ఎవరు ఇవ్వాలి. ఆరు దాటాక అత్యవసరమైతే ఫోను చేయాలి. ఫోను చేసేంత అవసరం లేకపోతే పొద్దుటిదాకా ఆగొచ్చు.

"ఇది మా పనేనా?"

విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు – ఈ మూడింటికి తప్ప టీచర్లని చదువుతో సంబంధం లేని పనికి వేయకూడదు. మన జిల్లాల్లో విపత్తు అన్నది మాటవరసకి అనేది కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఏం జరిగిందో అందరికీ గుర్తే. అలాంటప్పుడు ఎవరూ వెనకాడరు. చిక్కల్లా వీటికి బయట, నోటిమాటగా వచ్చే పనులతోనే.

నోటిమాట పనికి "ఆర్డరు పంపండి సార్, చేస్తాం" అని మర్యాదగా హెచ్‌ఎం అడగాలి. చాలా పనులు అక్కడే ఆగిపోతాయి. ఆర్డరు వస్తే దానికి ఎన్ని పీరియడ్లు పోయాయో రాసి, నెలాఖరుకి స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) మీటింగులో ఎంఈఓ ముందు పెట్టండి. తుపాను సెలవుల వల్ల సిలబస్ వెనకబడితే ఆదివారాలు నింపేయకండి. ముందు ఏ పాఠాలు కుదించవచ్చో సబ్జెక్టు మాస్టార్లు కూర్చుని తేల్చుకోవాలి.

"ఒక్కడినే, అయిదు తరగతులు"

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఒక్కరే ఉన్నచోట ఒకటి, రెండు కలిపి ఒక గుంపు, మూడు నుంచి అయిదు ఒక గుంపు చేసి, ఒకరికి చెబుతుంటే ఒకరికి రాత పని పెట్టడం తప్ప దారి లేదు. ఇక్కడ టీచరుకి కావలసింది సలహాలు కాదు, మనిషి. ఆ టీచరు సెలవు పెట్టిన రోజున క్లస్టర్ టీచరుని (సీఆర్‌ఎంటీ) పంపే ఏర్పాటు కాంప్లెక్స్ హెచ్‌ఎం ముందే చేసి పెట్టాలి.

"కొత్తగా వచ్చిన టీచరమ్మ డీలా పడిపోయింది"

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. అలా చేరినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. పరీక్షకి ఏళ్లు చదివి, మొదటి ఉద్యోగంలో చేరిన వారానికే చేతిలో పది రిజిస్టర్లు పెడితే ఎవరైనా నీరసపడతారు. మొదటి టర్ములో పాఠం తప్ప ఇంకేం ఇవ్వకండి. పక్కన ఒక సీనియర్‌ని పెట్టండి. సీనియర్ ఆమె క్లాసుకి వెళ్లాలి, అంతకంటే ముఖ్యంగా ఆమెని తన క్లాసుకి పిలవాలి. సీనియర్‌కి కూడా ఒక్కోసారి క్లాసు అదుపు తప్పుతుందని కళ్లారా చూస్తే కొత్తవాళ్లకి కలిగే ధైర్యం వేరు.

"ఎంత చేసినా గుర్తించేవాళ్లు లేరు"

ఆగస్టు 29న గిడుగు జయంతి, సెప్టెంబరు 5న గురుపూజోత్సవం. వారం తేడాలో శాలువాలు కప్పేస్తాం. మిగతా సంవత్సరమంతా టీచరు పేరు వినబడేది ఫలితాలు తగ్గినప్పుడే. "బాగా చెబుతున్నారండీ" అనే పొగడ్త కూడా మనసుకి తగలదు, ఎందుకంటే అది ఎవరికైనా అనొచ్చు.

హెచ్‌ఎం వారానికొకసారైనా రిజిస్టరు లేకుండా ఒక క్లాసులో వెనక కూర్చోవాలి. బయటికొచ్చాక చూసినదే చెప్పాలి: "మూడో బెంచీ పిల్ల జూన్ నుంచి నోరు విప్పలేదు, ఇవాళ మీరు ఆగి వేచి చూశారు కాబట్టి చెప్పింది." ఇలాంటి మాట టీచరు ఇంట్లో కూడా చెప్పుకుంటారు. తర్వాత ఒక పని తగ్గించండి. నా దృష్టిలో ఒక టీచరుకి ఇవ్వగల గొప్ప సత్కారం శుక్రవారం ఆఖరి పీరియడ్ ఖాళీ చేసి "మీరు ప్రశాంతంగా కూర్చోండి" అనడమే.

తల్లిదండ్రుల పాత్ర కూడా తక్కువేం కాదు. బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం. నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, ఆగస్టు 15 ఏర్పాట్లు వాళ్లు తీసుకుంటే టీచర్లకి ఎన్నో సాయంత్రాలు మిగులుతాయి. కోతల కాలంలో తీరిక దొరకదు గానీ, గేటు దగ్గర కనిపించినప్పుడు "మేస్టారూ, మా గుంటడు రాత్రి ఎక్కాలు సదివేడండి" అని ఒక్క మాట చెప్పడానికి తీరిక అక్కర్లేదు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే పిల్లల మీద చెయ్యెత్తబోవడం, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ – ఇవి టైం టేబుల్‌తో పోయేవి కావు. అలాంటి సహోద్యోగి కనిపిస్తే స్టాఫ్ రూములో అందరి ముందూ అడక్కండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రెండు రోజులు సెలవు పెట్టమనండి, ఆ రెండు రోజుల క్లాసులకి మీ పేరే ముందు రాయండి.