ఎన్‌బీఏలో స్టార్ ఫ్రీ ఏజెంట్ కోసం శాలరీ క్యాప్‌లో చోటు ఎలా చేసుకోవాలి?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్టు చెల్లించే మొత్తం జీతాలకు ఏటా ఒక పరిమితి ఉంటుంది. దానినే శాలరీ క్యాప్ అంటారు. సొంత ఆటగాళ్లను తిరిగి తీసుకునేటప్పుడు జట్టు ఆ పరిమితిని చాలావరకు దాటవచ్చు గానీ, వేరే జట్టులో ఒప్పందం ముగిసిన స్టార్‌ను, అంటే ఫ్రీ ఏజెంట్‌ను, గరిష్ఠ జీతంతో నేరుగా చేర్చుకోవాలంటే అంత ఖాళీ ముందే ఉండాలి.

మొదట ఎంత చోటు కావాలో తేల్చుకోవాలి. ఇప్పటి నిబంధనల ప్రకారం సాధారణ గరిష్ఠ జీతం ఆరేళ్ల అనుభవం వరకు క్యాప్‌లో 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లకు 30 శాతం, పదేళ్లూ ఆపైన 35 శాతం.

ఆ తర్వాత పద్దులో క్యాప్ హోల్డులను వెతకాలి, ఎందుకంటే అసలు నేర్పు కనబడేది ఇక్కడే. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఎక్కడో ఒకచోట సంతకం చేసేవరకు, లేదా జట్టు అతనిపై హక్కులు వదులుకునేవరకు, అతని పేరిట కొంత మొత్తం క్యాప్‌లో నిలిచే ఉంటుంది; అదే క్యాప్ హోల్డు. అవసరం లేనివారి హోల్డు వెంటనే వదిలేయాలి. హోల్డు చిన్నదై, రాబోయే జీతం పెద్దదైన ఆటగాడిని మాత్రం అట్టేపెట్టుకుని, అతని సంతకాన్ని చివరికి జరపాలి. 2015లో శాన్ ఆంటోనియో స్పర్స్ చేసింది అదే: కవాయ్ లెనార్డ్ కొత్త జీతం సుమారు 1.64 కోట్ల డాలర్లయినా హోల్డు 72 లక్షలే కాబట్టి, అతన్ని ఆగమని, ముందు లమార్కస్ అల్డ్రిడ్జ్‌తో సంతకం చేయించుకున్నారు. వరుస తారుమారైతే ఆ లెక్క కుదిరేది కాదు.

ఇంకా చాలకపోతే, పెద్ద జీతగాడిని ఖాళీ ఉన్న మరో జట్టుకు పంపాలి. టియాగో స్ప్లిటర్‌ను స్పర్స్ అట్లాంటాకు అలాగే పంపింది. 2016లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ కెవిన్ డ్యురాంట్ కోసం హారిసన్ బార్న్స్‌పై హక్కులు వదులుకుని, ఆండ్రూ బోగట్‌ను డాలస్‌కు ఇచ్చింది. క్యాప్ ఒక్క ఏడాదిలో 7 కోట్ల నుంచి 9.41 కోట్ల డాలర్లకు ఎగబాకడం, స్టీఫెన్ కర్రీ జీతం అప్పటికి 1.21 కోట్లే కావడం కూడా వారికి కలిసొచ్చాయి. అందరికీ అంత అదృష్టం పట్టదు. స్టార్ మాట ఇవ్వకముందే మంచి ఆటగాళ్లను వదులుకోవడం మాత్రం తెలివితక్కువ పని.

ఎవరూ తీసుకోని ఆటగాడిని విడుదల చేసి, మిగిలిన జీతాన్ని ఒప్పందంలో మిగిలిన ఏళ్లకు రెట్టింపుపై మరో ఏడాది కలిపి పంచవచ్చు. అంటే ఏడాది బాకీ మూడేళ్లు వెంటాడుతుంది కనుక, ఈ దారిని చివరి అవసరానికే ఉంచుకోవాలి.

చోటంతా వాడేశాక కూడా, క్యాప్ దాటి ఒకరిని తీసుకునేందుకు రూమ్ మినహాయింపు మిగులుతుంది. బోగట్ స్థానంలో జాజా పాచూలియాను వారియర్స్ సుమారు 29 లక్షల డాలర్లకు తెచ్చుకున్నది దానితోనే.